పచ్చగా చూసింది నేను

కోతల రోజుల్లోనే
నీ కళ్ళలో తెలుపు పోయింది.
ర్కాత్సితేలి ద్రాక్ష బాగా ముగ్గినప్పటి రంగు.
అలజాని లోయలో ఆ రంగుకి ఒకటే అర్థం:
"మిందియా తాగి చెడ్డాడు."

నువ్వు తాగేది నాకు తెలుసు.
పండగ బల్ల దగ్గర ఒక కొమ్ము,
పోయినవాళ్ళ పేరు మీద ఇంకొకటి.
ఆ మాత్రం మీ అమ్మా తాగుతుంది.

అయినా తాళం వేశాను.
మెడదాకా మట్టిలో పూడ్చిన జాడీల గదికి
మన పెళ్ళయ్యాక మొదటి తాళం.
నువ్వు చెవి అడగలేదు.
అడగకపోవడం
ఒప్పుకోవడంలా కనబడింది నాకు.

రాత్రుళ్ళు అరికాళ్ళు రక్కుకునేవాడివి.
మూడు రొట్టెలు తిని నాలుగోది అడిగేవాడివి,
తెల్లారి మేకుతో బెల్టుకి కొత్త చిల్లు.
మంచు పడుతుంటే కిటికీ బార్లా.
ఛాతీకి చెవి ఆనిస్తే
లోపలెవరో మెట్లు దిగుతూనే ఉన్నారు,
నేల మాత్రం రాదు.
చేయి వణికితే, చూశావా త్సియాలా, వణుకు
అని మీ అన్నే నాకు చూపించాడు.

తెలావి ఆసుపత్రిలో ఎతెరి డాక్టరు
ముందు నీ కడుపు వైపు చూడనేలేదు.
గ్లాసుడు నీళ్ళిచ్చి మింగమంది.
మింగుతుంటే
గొంతులో ఏదో లేచి, మళ్ళీ కూర్చుంది.
"ఇదిగో," అంది, "అసలువాడు."

థైరాయిడు తిత్తి ఊదడం ఆపట్లేదట.
ఒంట్లో గది గదికీ త్వరగా, త్వరగా అని కబురు.
కాలేయానికి పని రెట్టింపు,
ఊపిరి మాత్రం పాత కొలతే.
ప్రాణవాయువు చాలక
కాలవ చివరి పొలాల్లాంటి కణాలు
ముందు ఎండుతాయి.
పసరు దారి తప్పి చర్మంలోకి వస్తుంది.
"కాలేయం దొంగ కాదమ్మా. కూలీ."

అత్త మీది కోపం దుత్త మీద.
దుత్త మాట్లాడదు కదా.

మాత్రలు రాస్తూ కూడా ఆమె కలం ఆగింది.
అవి కరగాల్సిందీ అక్కడే,
ఒక్కోసారి దాన్నే కొరుకుతాయట.
రెండు వారాలకోసారి నెత్తురు చూపించమంది.
బాగుపడే బరువు కూడా
దాని నెత్తినే.

బస్సులో నువ్వు నిద్రపోయావు.
నేను నీ పసుపు గోళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను,
పదే అని తెలిసీ.
కామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు.
కామెర్లు నీకు.
పచ్చగా చూసింది నేను.

తాళం తీసేశాను. ఊరికేం చెప్పలేదు.
తాళంచెవి ఇంకా ఏప్రాన్ జేబులోనే ఉంది,
పిండి పిసికేటప్పుడు తొడకి గుచ్చుకుంటుంది,
తీసి అవతల పెట్టబుద్ధి కాదు.

నిన్న రాత్రి
"చలేస్తోంది" అని
కిటికీ నువ్వే మూశావు.