పన్నెండు వందల నలభై

నా బాతులకేం కాలేదు, డాక్టరమ్మా.
పొద్దున్నే లెక్కపెట్టాను, పన్నెండు వందల నలభై.
నిన్నా అంతే. మొన్నా అంతే.
కోత అయిన మడిలోకి దింపితే
రాలిన గింజా, బంగారు నత్తా
ఏదీ వదలడం లేదు.
ఒక్కటి తుమ్మిందా? ఒక్కటి రెక్క వాల్చిందా?
సరే, మీ దూదిపుల్లలు మీరు పెట్టుకోండి,
గొంతులోనో వెనకనో, మీ ఇష్టం.

మూడో రోజు ఫోను.
ఇరవైలో ఏడింటికి ఉందన్నారు.
ఆ ఏడూ ఏవి అని అడిగాను.
చూస్తే తెలియదు అన్నారు.
నిజమే. నీళ్లలోకి చూశాను.
అన్నీ ఈదుతున్నాయి.

నిప్పు లేనిదే పొగ రాదని విన్నాను గానీ
పొగ రాని నిప్పుని పడవకెక్కించుకుని
మెకాంగ్ పాయల్లో కాలవ కాలవా తిప్పుతున్నానని
నాకెవరు చెప్పారు?

కోతలు ఎటు పోతే అటు పోతాం మేము.
థాన్ బిన్‌లో పది రోజులు,
తామ్ నోంగ్‌లో వానపడే దాకా.
మేం గట్టు దాటిన వారానికి
వెనక ఊళ్లో కోళ్లు పోయాయని కబురొచ్చేది.
తురాయి నల్లబడి, మెడ వాలిపోయి,
రాత్రికి రాత్రే.
"మనం ముందే వచ్చేశాం, అదృష్టం"
అనేది మా క్వియెన్.
ముందే.
ఆ మాట ఇప్పుడు గొంతులో నత్తపెంకు.

న్యాన్ అవ్వకి పదహారు కోళ్లుండేవి.
పదహారూ పోయాయని తెలిసి
పడవ వెనక్కి తిప్పాను, ఓదార్చడానికి.
బుట్టెడు గుడ్లు పట్టుకెళ్లాను.
కడగలేదు, కడిగితే నిలవుండవని.
ఆమె నా చేతులు రెండూ పట్టుకుంది.
బురదకాళ్లే అయినా పరవాలేదు
లోపలికి రా అంది.

ఆమె బాగానే ఉంది, డాక్టరమ్మా.
రోజుకి రెండుసార్లు ఫోను చేస్తున్నాను,
ఎందుకో చెప్పకుండా.
"నీకేమైంది రా, ఇంత ప్రేమ?" అని నవ్వుతుంది.

ఇవాళ మీవాళ్లు వస్తారట,
సంచులతో, సున్నంతో.
నేనేం అడ్డుపడను.

రాత్రి పడవలోనే పడుకున్నాను.
తుంగచాప. చాప కింద చెక్క. చెక్క కింద నీరు.
చప్పుడు లేకుండా ఎక్కడెక్కడికి పోతోందో
చెవి ఆనించి విన్నాను.
తెల్లారి లేచి మళ్లీ లెక్కపెట్టాను.
పన్నెండు వందల నలభై.

ముప్ఫై ఏళ్లుగా బాతులు కాస్తున్నాను.
లెక్క తగ్గి ఉంటే బాగుండునని
ఇన్నాళ్లకి ఇవాళే అనిపించింది,
ఒక్కటంటే ఒక్కటి,
ముందుగా జబ్బుపడి
నాకు చెప్పి ఉంటే.