గుడ్డు ఉడికేంత సేపు

నాకప్పజెప్పింది మైకు కాదు, గంట.
గంటంటే గంట కూడా కాదు,
మా గదిలో బియ్యం డబ్బా మీదుండే
కోడిగుడ్డు ఆకారపు టైమరు.
మనిషికి ఎనిమిది నిమిషాలు.
గుడ్డు గట్టిగా ఉడికేంత సేపు.
అంతకు మించి ఆలోచన
ఒక్క విడతలో ఎవరికీ అరగదని కమిటీ తీర్మానం.

మనామాలో గుదైబియా సందు, బేకరీ పైన హాలు.
శుక్రవారం. అసర్ నమాజయ్యాక కుర్చీలు వేశాం.
రొట్టెల వాసన మాకంటే ముందే మెట్లెక్కి
మొదటి వరసలో కూర్చుంది.
గోడకి బ్యానరు: మన ఊరి ఆలోచనలు.
ఏ ఊరని ఎవరూ అడగలేదు.

జగిత్యాల లింబాద్రి, క్రేను నడుపుతాడు.
"కిందున్నోళ్లకు గాలి ముఖానికి తాకుతది సార్,
నాకు ఇనుములకెళ్లి వినొస్తది.
చాయ్ గ్లాసుల అలలు చూసి చెప్త,
ఇయ్యాల బరువు ఎత్తొద్దని.
ఎత్తుమనేటోడు కింద ఉంటడు.
వద్దనేటోని మాట కిందికెట్ల దిగాలె?
గదే నా ఆలోచన."
టైమరు మోగింది.
ఆయన ఆగిపోయాడు,
కొక్కెం ఇంకా ఊగుతుండగానే.

ముహర్రక్ నుంచి యాకూబ్ అనే పెద్దాయన.
కుండ మూతి మీద అరచేత్తో కొడుతూ
తాత ముత్యాల పడవలో పాడిన పాట ఎత్తుకున్నాడు.
మాటలు నాకు రావు.
ఊపిరి బిగబట్టడం మాత్రం తెలిసింది,
వరసలో అందరం బిగబట్టే ఉన్నాం.
ఎనిమిది నిమిషాల సంగతి ఆయనకెవరూ చెప్పలేదట.
పన్నెండయ్యాయి.
గుడ్డు మోగి మోగి సిగ్గుపడి ఊరుకుంది.

పాలకొల్లు కోటేశ్వర్రావు ప్రొజెక్టరు వెలగలేదు.
క్యాంపు డాబా మీద, రంగు డబ్బాల్లో,
ఏసీ కార్చిన నీళ్లతో పెంచిన గోంగూర
నలభై రెండు స్లైడులూ చీకట్లోనే ఉండిపోయాయి.
సాక్ష్యానికి తెచ్చిన కట్ట చేతులు మారింది,
తలా ఓ ఆకు గిల్లి నోట్లో వేసుకున్నారు,
ఆఖరి వరసకి కాడలు చేరాయి.

కొట్టాయం నర్సు లిస్సీ వచ్చీరాని తెలుగులో అంది:
"పదేళ్లు నైట్ డ్యూటీ.
మీ భాషలో నాలుగు మాటలు నేర్చుకున్నా.
నొప్పి. నీళ్లు. ఎడమ పక్క.
ఇంటికి చెప్పొద్దు."
ఎవరో నవ్వబోయి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నారు.

అప్పటికే ఆలస్యం. కింద కారులో డ్రైవరు.
రాయచోటి దస్తగిరమ్మకి మేడం ఇచ్చింది గంటే.
మైకు దించుకోవడం తెలీక
మునివేళ్ల మీద నిలబడింది.

"మేముండే ఇంట్లో బిడ్డకు మూడేండ్లు.
నిద్దట్లో కలవరిస్తాది, తెలుగులో.
వానొస్తాంది గుడ్డలు తీయమంటాది.
ఆ బిడ్డ సరైన వాన సూడనే లేదు నాయనా,
నేను సెప్పిందే.
వాళ్లమ్మకు ఇది తెలీదు.
సెప్పాల్నా, వద్దా?
ఆలోసనంటే నాకాడ ఇదొకటే ఉండాది."

కింద హారన్ మోగింది.
ఇంకా అయిదు నిమిషాలున్నాయమ్మా అన్నాను.
"ఎవురికన్నా ఇయ్యండి," అంది,
చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

వెంటనే వందన సమర్పణ, వెంటనే సమోసాలు.
లెక్కల పుస్తకంలో రాశాను:
హాలు అద్దె దినార్లు నలభై,
సమోసాలు పద్దెనిమిది,
దస్తగిరమ్మ జమ, నిమిషాలు అయిదు.
కోశాధికారి ఆఖరి పద్దు కొట్టేశాడు.

మర్నాడు పొద్దున షిఫ్టుకి ముందు
పొయ్యి మీద గుడ్డు పెట్టి
ఎందుకో మూడు నిమిషాలకే దించాను.
పెంకు పగలగొడితే
లోపలింకా కదులుతోంది, పచ్చగా.
కాస్త ఉప్పేసుకుని
నిలబడే తాగేశాను.