ఒలిసీసినాను, ఒలుస్తన్నాను

కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీది గది.
కింద పిక్కల బస్తాలు, పైన నా ఏడు బెంచీలు.
గోడలకి సున్నం కన్నా ఎక్కువగా
ఉడికిన పిక్కల వాసన పట్టి ఉంటుంది.
రాత్రి ఏడున్నరకి బోర్డు మీద రాశాను:
హావ్ పీల్డ్.
కింద, కొంచెం ఎడంగా:
హావ్ బీన్ పీలింగ్.

మామూలుగా ఉత్తరం రాయడం, ఇల్లు కట్టడం చెబుతాను,
పుస్తకంలో ఉన్నట్టే.
ఇవాళెందుకో దమయంతి చేతులు చూసి
క్రియ మార్చాను.

"మొదటిది ఎంత అయిందో చెబుతుంది.
రెండోది ఎప్పట్నుంచి అవుతోందో చెబుతుంది.
పూర్తయిందా లేదా దానికి పట్టదు.
మనిషి మీద పని తాలూకు ఆనవాలుంటే చాలు,
తడిసిన జుట్టు, మసి అంటిన చొక్కా,
అలాంటివి."

అలాంటివి అన్నాక గది కాసేపు ఊరుకుంది.
దమయంతి రెండు చేతులూ బెంచీ కిందికి దించుకుంది.

ఆముదం రాసుకున్నా జీడి వదలదు.
బొటనవేలి చర్మం పొరలు పొరలుగా లేచిపోయి
మొన్న రేషన్ మిషను
ఆమెని ఆమె కాదంది.
కొంగుతో తుడిచి పెట్టింది. కాదంది.
మళ్లీ తుడిచి పెట్టింది. కాదంది.
ఆఖరికి చిటికెనవేలికి ఒప్పుకుంది.

వెనక బెంచీలోంచి ఢిల్లేశు:
"ఇంగిలీసోడికి రెండెందుకు మేస్టారూ,
మనకి ఒకటే కదా?"

అవునందామనే నోరు తెరిచాను.
ఇరవైరెండేళ్లుగా అదే చెబుతున్నాను,
తెలుగులో ఈ తేడా లేదు, బట్టీ పట్టండని.

"మనకి లేకపోడమేటి?" అంది దమయంతి.
"పదకొండు కేజీలు ఒలిసీసినాను.
పొద్దున్నుంచీ ఒలుస్తన్నాను.
రెండూ ఒకటేటి?"

ఒలిసీసినాను.
టెక్కలి బళ్లో నాలుగో తరగతిలో
తినీసినాను అన్నందుకు
స్కేలు నిలువుగా పట్టి కణుపుల మీద కొట్టారు.
తినేశాను అను. తినేశాను.
ఆ ఈసినానుని నాలుక మీంచి గీకి గీకి తీసి
ఆ ఖాళీలో ఇంగ్లీషు నింపుకున్నాను.
ఇరవైరెండేళ్లు దాన్నే అద్దెకిచ్చుకుని బతికాను.

"మరి షావుకారేమో" అందామె, తనలో తనే,
"ఆ మొదటిదానికే డబ్బులిస్తాడు.
కేజీకింతని. బద్దయితే కోత.
రెండోది ఆయన పద్దులో ఉండదు."
నడుం మీద చెయ్యేసుకుని
"ఇక్కడుంటాది" అంది.

నవ్వు ఎవరికీ రాలేదు.
నేను గబగబా పేజీ తిప్పాను.

తర్వాతి పాఠం తేలిక:
లివ్ అనే క్రియకి ఏదైనా వాడొచ్చు,
పెద్ద తేడా ఏం లేదు.
ఢిల్లేశు రాసుకున్నాడు.
దమయంతి పెన్ను మూత తీయలేదు.
"తేడా లేకుండా రెండెందుకుంచుతారు మేస్టారూ?
మీరీ ఊళ్లో ఉన్నారా, ఉంటన్నారా?"

ఒక ట్రంకుపెట్టెతో దిగాను ఇక్కడ,
డీఎస్సీ పోస్టు వచ్చేదాకా అని.
పెట్టె ఇంకా మంచం కిందే ఉంది.
గొళ్లెం తుప్పు పట్టింది గానీ
బట్టలు అందులోంచే తీసి కట్టుకుంటాను.
బీరువా కొనలేదు.
కొంటే ఏదో అయిపోతుందనిపించేది.

చాక్‌పీసు చేతిలో పట్టుకుని
రెండు వాక్యాల మధ్య నిలబడ్డాను.
పలాస స్టేషన్లో మైకు
ఏదో బండి గంటన్నర ఆలస్యంగా నడుస్తోందని
మూడు భాషల్లో విచారిస్తోంది.

తొమ్మిదికి కాగితాలు ఇచ్చి వెళ్లిపోయారు.
దమయంతిది దిద్దాను.
ఒకటో ఖాళీ సరి. రెండోది సరి.
మూడోదాంట్లో ఏమీ రాయలేదు.
కాగితం గట్టిగా పట్టుకుందేమో, ఆ చోట
నల్లటి బొటనవేలు అచ్చు పడింది,
గీతల్లేని ముద్ర.

వెనక పేజీల్లో జవాబులుంటాయి. చూడలేదు.
మార్కు ఏసీసినాను.