అయిదు చీటీలు

గూడూరు నిమ్మకాయల మార్కెట్టు మీద మేడగది.
కింద బస్తాలు కుడుతున్నారు.
పైన మేం అయిదుగురం
కాలేజీ హాకీలో ఈ ఏటి మేటి కోచ్ ఎవరో తేల్చాలి.
ఫ్యాను తిరగనా మాననా అన్నట్టు తిరుగుతోంది.

"తేల్చేదేముందబ్బయా" అన్నాడు సుబ్బరామిరెడ్డి.
"నెల్లూరోళ్లు ఆడినవి పదకొండు, గెలిచినవి పదకొండు.
రఘురామయ్యకి ఇయ్యకపోతే జనం నవ్వుతారు."
"గెలిచింది ఆయనా, ఆ కాలేజీ డబ్బులా?" జిలానీ అందుకున్నాడు.
"నలుగురు పిలకాయలు పైనుంచి దిగినోళ్లు,
స్టిక్కు పట్టుకునే పుట్టినోళ్లు.
వండిన కూడు వడ్డించినోడు వంటోడవుతాడా?"

కావలి మాటొచ్చింది.
నిరుడు తొమ్మిది గోల్స్ తిన్న జట్టు, ఈసారి ఫైనల్.
మాబాషా మాస్టారు గోల్ మూలన ఇసక బస్తా వేలాడదీసి
పెనాల్టీ కార్నర్లు కొట్టించేవాడట,
బస్తా చిరిగితేగానీ ఇళ్లకు పంపేవాడు కాదట.
"ఫైనల్లో ఓడాడు గదా!"
"యాడ్నించి యాడికొచ్చాడో చూడవా?"
"మెట్లు లెక్కేస్తావా, మేడ లెక్కేస్తావా?"
టీ వచ్చింది. నిమ్మకాయ టీ. ఇక్కడ ఇంకేమొస్తది.

నేను అంపైర్‌ని. ముప్పయ్యేళ్లు విజిలే నా నోరు,
అది లేకుంటే మాట పెగలదు.
అయినా చెప్పాను.

వాకాడు అమ్మాయిల సెమీస్. ఆఖరి నిమిషం, ఒకటీ ఒకటీ.
బంతి లోపలికెళ్లింది. గోల్ ఇచ్చేశాను, డప్పులు లేచాయి.
కొట్టిన పిల్ల, ప్రసన్న, రివటలా ఉంటది,
నా దగ్గరకొచ్చి
"సార్, ముందు నా కాలికి తగిలింది" అంది.
వెనక్కి తీసుకున్నాను.
షూటౌట్లో ఓడిపోయారు.

నేను చూసింది పిల్లని కాదు,
గీత అవతల నిలబడ్డ పెంచలమ్మని.
తల పట్టుకోలేదు. చప్పట్లూ కొట్టలేదు.
వాచీ చూసుకుని
ఆ పిల్ల ఊడిపోయిన బూటు లేసు వైపు వేలు చూపించింది.
అంతే.

"అది పిల్ల బుద్ధి. వాళ్లమ్మ పెంపకం. కోచ్ గొప్పేంది?"
"అట్టయితే ఆ పదకొండు గెలుపులూ వాళ్ల నాయనల పెంపకమే."
మళ్లీ మొదటికొచ్చింది. కింద లారీ హారన్.

చీటీలు వేశాం.
నెల్లూరుకు రెండు, వాకాడుకు రెండు, కావలికి ఒకటి.
ఆ ఒక్కటీ జిలానీది.
మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.
"వాకాడు" అన్నాడు చివరికి,
కోపంగా, నా వైపు చూడకుండా.

సుబ్బరామిరెడ్డి ట్రంకురోడ్డు షీల్డుల కొట్టుకు ఫోన్ కలిపాడు,
స్పీకర్లో పెట్టి.
"'శ్రీ' అని ముందే చెక్కేశాను సార్, పేరుకే చోటుంచాను.
ఇప్పుడు ఆడమనిషంటే
'మతి' ఎక్కడ పెట్టేది?"

ఎవరూ మాట్లాడలేదు.
కింద ఎవరో కాయలు లెక్కబెడుతున్నారు
లాభం, రెండు, మూడు...