మేడిచెట్టు దిగాక

పులియాంతోపులో,
బేసిన్ బ్రిడ్జి రైళ్ళ చప్పుడు వినపడే సందులో
మా పాత ఇనప సామాన్ల కొట్టు.
త్రాసు మా నాన్నది.
రాళ్ళ తట్ట కింద అంటుకున్న అయస్కాంతం మాత్రం నాది.
చర్చి పాత స్పీకరు తూకానికొస్తే
విప్పి తీసుకున్నాను.
పదిహేనేళ్ళు వాక్యం చెప్పిన స్పీకరు
నా దగ్గరికొచ్చాక
కిలోకి వంద గ్రాములు అబద్ధం చెప్పింది.

దశమభాగం ఏ నెలా తప్పలేదు.
కవరు మీద నతానియేలు అని గుండ్రంగా రాసి
కానుకల సంచిలో వేసేవాణ్ణి.

మొన్న ఆదివారం తెలుగు ఆరాధనలో
అయ్యగారు జక్కయ్య కథ చదివారు.
పొట్టివాడు, సుంకాలు వసూలు చేసేవాడు,
మేడిచెట్టెక్కాడు.
చిన్నప్పటి నుంచీ విన్నదే.
సండే స్కూలు నాటకంలో నేనే జక్కయ్యని,
బల్ల ఎక్కితే అందరూ చప్పట్లు.
కానీ ఆ రోజు మేడి అన్న మాట దగ్గరే
చెవి ఆగిపోయింది.
మేడిపండు గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు కదా.
ఇస్త్రీ చొక్కా కింద, పొట్టలో
ఏదో కదిలింది.

కథలో అంతా ఒక్క పూటలో అయిపోతుంది.
దిగాడు, ఇంటికి తీసుకెళ్ళాడు,
నిలబడి నాలుగంతలు ఇస్తానన్నాడు.
మర్నాటి పొద్దుటి సంగతి ఎవరూ రాయలేదు.
ఎవరికెంతో అతని దగ్గర లెక్క ఉందా?
వాళ్ళావిడ ఏమంది?
ఊరొదిలి పోయినవాళ్ళని ఎక్కడ వెతికాడు?

నేను లెక్క వేశాను, క్యాలెండరు కాగితం వెనక.
కుప్పమ్మ ఒక్కతికే:
రోజుకి ఆరు కిలోల అట్టలు, కిలో పన్నెండు,
ఏడాదికి మూడొందల రోజులు, పన్నెండేళ్ళు.
నాలుగంతలంటే
లక్షా మూడు వేల ఆరువందల ఎనభై.
మిగతావాళ్ళ పేర్లయినా తెలియవు.
ఎర్ర రుమాలు ముసలాయన.
చెవి వినపడని పిల్లాడు.
గుడిసెలు తీసేసినప్పుడు పెరుంబాక్కం వెళ్ళిపోయిన
అక్కాచెల్లెళ్ళు, ఒకే సంచి ఇద్దరూ మోసేవాళ్ళు.

"ఆ డబ్బు చర్చికిచ్చేద్దాం," అంది కరుణమ్మ,
"దేవుడే చూసుకుంటాడు."
తూకంలో తగ్గింది దేవుడికి కాదే, అన్నాను.
ఆమె గరిటె గిన్నెలో వదిలేసి
చాలాసేపు మాట్లాడలేదు.
పెద్దదాని కాలేజీ ఫీజు గడువు పదో తేదీ.

సోమవారం కుప్పమ్మ వచ్చింది.
తట్ట తిరగేసి చూపించాను.
రాత్రంతా మాటలు వల్లె వేసుకున్నానా,
తీరా నోట్లోంచి "ఇది" అన్న ముక్కే వచ్చింది.
ఆమె వంగి చూసి, చెంగుతో మొహం తుడుచుకుని,
"తెలుసులే నైనా," అంది,
"అందుకేగా అట్టల మధ్య నీళ్ళు చల్లుకొచ్చేది."

ఇద్దరం నవ్వామో, సిగ్గే పడ్డామో.
తర్వాత ఆమె నవ్వు ఆపేసింది.
"ఎండాకాలం తాగే నీళ్ళకే బిందెల వరస.
అప్పుడు చల్లలేదు.
ఆ నెలలు లెక్క కట్టు."

కట్టాను.
శనివారం శనివారం మూడొందలు.
నాలుగంతల మాట అటుంచి
ఒక్కంతకే చాలా శనివారాలు పట్టేట్టుంది.
పెరుంబాక్కం బస్సు ఒకసారి ఎక్కాను.
బ్లాకులన్నీ ఒకేలా ఉన్నాయి.
సంచులు మోసేవాళ్ళు ఎందరో కనిపించారు,
ఆ ఇద్దరూ కనిపించలేదు.

కుప్పమ్మ ఇప్పుడు గడప బయట నిలబడదు.
లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుని
నోట్లు రెండుసార్లు లెక్కపెడుతుంది,
టీలో చక్కెర తక్కువైందంటుంది.
అట్టలు పొడిగా వస్తున్నాయి, గలగలమంటూ.

అయస్కాంతం ఇంకా పారేయలేదు.
సొరుగులో ఉంది.
తెరిచినప్పుడల్లా దానికి
కొత్తగా ఓ మేకో, గుండుసూదో
అంటుకుని ఉంటుంది.