నలభై ఒకటో వరుస

అబెరిస్ట్‌విత్‌లో బుధవారం, ప్రాక్టికల్ క్లాసు.
బయట సముద్రం కిటికీ అద్దాలకు ఉప్పు పూస్తోంది.
లోపల పద్దెనిమిది మంది, పద్దెనిమిది తెరలు,
అందరి ముందూ ఒకే పట్టిక:
లింపెట్లు. రాతి మీద ఉడుము పట్టు పట్టే
బుల్లి గొడుగు నత్తలు.
అరవై రెండు వరుసలు.
గంటలో అయిపోయేంత చిన్న పట్టిక,
తప్పులు చేయడానికి చాలినంత పెద్దది.

"సగటు కన్నా విస్తృతి నాలుగింతలుంది,
పాయిజాన్ సరిపోదు" అన్నాడు తోమోస్.
నిజమే. ఒక బండ మీద నూటపదిహేడు,
జానెడు దూరంలో ఒక్కటీ లేదు.
ప్రాణులు సగటు చుట్టూ బుద్ధిగా కూర్చోవు కదా.

ఈ లెక్కలు రాసింది మెరెరిడ్ ప్యూ.
ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరై
ఆటుకీ పోటుకీ మధ్య
జీతం లేని కొలువులో చేరింది.
అర మీటరు తీగ చట్రం, పెన్సిలు,
మోకాళ్ల కింద సంచిలో చుట్టిన పాత దిండు.
ఒకసారి నేనూ వెంట వెళ్లాను.
చలికి నా పళ్లు
ఆమె కంటే వేగంగా లెక్కపెట్టాయి.

సున్నా దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగేది.
నాచు ఎత్తి చూసేది. పగుళ్లలో వేలు పెట్టేది.
అప్పుడు రాసేది, గుండ్రంగా,
కవరు మీద చిరునామా రాసినంత శ్రద్ధగా.

"నలభై ఒకటిలో ఏమీ లేదు, సున్నా పెట్టనా?"
ఇఫ్ఫత్ అడిగింది.
వద్దమ్మా.
సున్నా అంటే వెళ్లి, వంగి, వెతికి,
లేదని తెలుసుకోవడం.
ఖాళీ అంటే మనకు తెలీదు.
రెండూ కలిపేస్తే
ఇంట్లో ఎవరూ లేరన్న మాటా
తలుపే తట్టలేదన్న మాటా ఒకటైపోతాయి.

తీసేయండి, అన్నాను.
గదంతా మీటల చప్పుడు.
అరవై ఒకటి మిగిలాయి. మోడల్ కుదిరింది.

చివరి కాలమ్ ఎవరూ తెరవలేదు,
మాటలుండే కాలమ్, లెక్కకు రానిది.
పాఠంలో లేకపోయినా చదివి వినిపించాను:
"అక్టోబరు తొమ్మిది. సీల్ పిల్ల.
చట్రం పెట్టాల్సిన చోటే నిద్ర.
లేపలేదు. నీళ్లు వచ్చేశాయి."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
తోమోస్ తీసేసిన వరుసను వెనక్కి తెచ్చాడు,
కాసేపు చూశాడు,
మళ్లీ తీసేశాడు.

"ఆ పిల్ల తర్వాత ఏమైంది?" ఇఫ్ఫత్.

దానికి కాలమ్ లేదు, అన్నాను
ప్రొజెక్టర్ వైరు చుట్టుకుంటూ.