కొండకా, ఆసుపత్రికా?

తెల్లారి నాలుగున్నరకు రైలు దిగినోళ్లను
నేనడిగేది ఒకటే మాట:
కొండకా, ఆసుపత్రికా?

పద్దెనిమిదేండ్లుగా ఇదే నా భూగోళం.
మొగం చూసి ఊరు చెప్తా, నడక చూసి నీళ్లు చెప్తా.
కాళ్లుబ్బి చెప్పుల వార్లు కోసుకున్నారంటే
ఉద్దానం పక్క.
పండ్లు గారపట్టి మోకాళ్లు వంకర తిరిగుంటే
కనిగిరి బోర్లు.
కండువా అడ్డం పెట్టుకొని దగ్గేటోడు
ముగ్గురాయి గనుల్లోంచి వచ్చినోడు.
తప్పయ్యేది కూడా కద్దు.
తప్పయితే వాళ్లే సరిదిద్దుతారు, దోవంతా చెప్తానే ఉంటారు.

ఇంట్లో మా రెడ్డిరాణి డిగ్రీ పుస్తకం ముందరేసుకొని
ప్రపంచానికి రంగులు పూస్తా ఉంటాది.
ఆరోగ్యానికొక పటం, మతానికొక పటం,
ఆదాయానికి ఇంకొకటి.
"ఎందుకు మేయ్ మూడు?" అంటే
"పరీక్షలో మూడు ప్రశ్నలు నాయినా."

నా ఆటో తిరిగేది ఒకే రోడ్డు.
లీలామహల్ సర్కిల్ దాటి అలిపిరి దోవ పట్టుకుంటే
రుయా, స్విమ్స్,
ఇంకొంచెం పోతే రెక్కలు కట్టుకున్న గరుత్మంతుడు.
ఎవురు ప్లాను గీసినారో గానీ
చూపించుకునేదానికీ మొక్కుకునేదానికీ
బాడుగలో తేడా ఇరవై రూపాయలే.

మొన్న కార్తీకంలో ఒకామె ఎక్కింది, మునివెంకటమ్మ.
కుప్పం అవతల, అరవం కన్నడం కలిసే ఊరు.
పట్టుపురుగులకు ఆకు తరిగి తరిగి
వేళ్ల సందుల్లో పచ్చ దిగిపోయిన చేతులు.
మోకాలికి తగిలే జడ. ఒళ్లో స్కానింగు కవరు.
ఎప్పటి మాదిరే అడిగినా.
"ముందు కొండకు" అనింది.
"మంగళారం నుంచీ మందెక్కిస్తారంట.
ఎక్కిస్తే యెంటికలు రాల్తాయంట.
రోగం గుంజుకునే లోపల
నేనే ఇచ్చేస్తా సామికి.
ఇచ్చిందీ పొయ్యిందీ ఒకటేనా అబ్బయా?"

నాకు జవాబు రాలే. గేరు మార్చినా.

మర్నాడు ఫోన్ చేసింది.
అలిపిరి కాడ నిలబడుంది,
గుండుకు గంధం, చెవి వెనకాల సన్న గాటు.
"అరబ్లేడు చేతికిచ్చిరి. గొరిగే అమ్మికి
ఇంత జడ తెగ్గొయ్యాలంటే చెయ్యాడలే పాపం"
అని నవ్వింది.
ఆటో కదిలినాక తల తడుముకొని
"గాలి ఇంత సల్లగుంటాదని నలభై ఏండ్లుగా తెలీలే" అనింది.

రాత్రి రెడ్డిరాణికి చెప్తే
సెల్లులో ఏందో వెతికి చదివింది:
ఆ జడలు చిక్కుదీసి, పొడుగు కొలిచి, వేలమేసి
ఓడలకెక్కిస్తారంట.
మూరకో రేటంట.
విగ్గులెవురికి మేయ్ అన్నా.
సినిమాలోళ్లకు, సోకు చేసుకునేటోళ్లకు,
"మందెక్కి యెంటికలు రాలినోళ్లకు కూడా నాయినా."

కాసేపు ఇద్దరం పటం చూస్తా కూచున్నాం.
అది పసుపు పెన్సిల్ తీసుకొని
కుప్పం కాడ గీత మొదలుపెట్టి
తిరుపతిలో కొంచెం మెలిక తిప్పి
సముద్రం దాకా లాగి
ఆడ ఆపేసింది.
"ఇది సిలబస్‌లో లేదు."

ఆపొద్దు ఆసుపత్రి గేటు కాడ
బాడుగలో ఇరవై తగ్గిస్తానంటే
ఆమె ఒప్పుకోలే.
"ధర్మానికెక్కితే మందు పని చెయ్యదు" అనింది,
పైట కొంగు ముడి విప్పి
మడతలు పడ్డ పది నోట్లు లెక్కబెట్టింది.
గూళ్లకు ఈ తూరి రేటు రాలేదంట.
ఆ మాట మటుకు గొంతు తగ్గించి చెప్పింది,
రోగం కంటే అదే సిగ్గయినట్టు.

మూడు వారాలకొకసారి రమ్మన్నారు.
రేపు మూడో తూరి. రైలు గంట లేటంట.
సీటు సందులో దొరికిన ఆమె నల్ల రబ్బరుబ్యాండు
హ్యాండిలుకు తగిలించి పెట్టినా,
వస్తే ఇద్దామని.
ఇప్పుడు ఆమెకు దాంతో ఏం పనుంటాదో
ఆలోచించలే.